పికప్ ఎత్తు పెంచే పిల్లోళ్లకు

బత్తలపల్లె చుట్టూ చీనీకాయలు, టమోటా, శెనక్కాయ తోలే పిల్లోళ్లు పికప్‌లకు పెద్ద టైర్లు వేయిస్తున్నారు, కమాన్ కట్టలు పెంచుతున్నారు. మన రాళ్లబాటలు చూస్తే ఆ కోరిక న్యాయమే. ఇన్నేళ్లు ఇదే నేలమీద బండి తోలినోణ్ణి, నాకు తెలిసింది చెప్తా.

1. ముందు బండి కిందికి దూరి చూడు నాయనా. రాయి ఎక్కువగా తగిలేది వెనక ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్‌కే. కమాన్ కట్టలో పట్టీలు చేరిస్తే తొట్టి లేస్తుంది, ఛాసిస్ లేస్తుంది. డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరే.

2. ఆ టైరైనా ఎంత లేపుతుంది? 215/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. 235/75 ఆర్ 15 వేస్తే 733. అందులో సగమే ఇరుసుకు దక్కేది, అంటే ఒకటిన్నర సెంటీమీటరు. దానికి బదులు లాగుడు తగ్గుతుంది, లోడుతో చెరువు కట్ట ఎక్కేటప్పుడు క్లచ్ కాలుతుంది. మీటరు 60 చూపిస్తుంటే బండి 62 దాటి పోతుంటుంది.

3. దీన్ని మాత్రం మెకానిక్‌ను నిలబెట్టి అడుగు. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీ, దానికి తగిలించిన వాల్వు ఉంటాయి. లోడు పడి ఛాసిస్ కుంగితే ఆ కడ్డీ కదిలి, వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువగా పంపిస్తుంది. నువ్వు పట్టీలు చేర్చి ఎత్తు పెంచావనుకో, లోడున్నా ఛాసిస్ పైనే ఉంటుంది. వాల్వు బండి ఖాళీ అనుకుంటుంది, వెనక బ్రేకు తగ్గిస్తుంది. టన్నుకు పైగా కాయలేసుకుని ముదిగుబ్బ దారిలో పోయేటప్పుడు ఆ తేడా తెలిసొచ్చేసరికి ముందున్న బండి దగ్గరైపోయి ఉంటుంది. ఎత్తు మార్చినోడు ఆ కడ్డీని కూడా సరిచేయాల్సిందే. బ్రేకు హోసు సాగి బిగుసుకుందేమో, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ వాలు మారిందేమో కూడా చూపించుకో.

4. ఎత్తు పెంచిన బండిలో కూలీలను ఎక్కించొద్దు. మామూలు బండిలోనే ఎక్కించకూడదు. క్రేట్ల మీద కూర్చున్న ఆడోళ్ల బరువంతా పైన ఉంటుంది, మలుపులో బండి వాలితే వాళ్లే ముందు పడతారు.

5. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ఉంది. కంపెనీ నిర్దేశించినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టడానికి ఆ మార్పు చాలు. నీ మోడల్‌కు కంపెనీ ఒప్పుకున్న సైజులేవో షోరూంలో కనుక్కుని అందులోనే పెద్దది ఎంచుకో.

6. సైజు కన్నా టైరు గట్టిదనం చూడు. మన బాటల్లో రాయీ సర్కారు కంప ముల్లూ కోసేది పక్కగోడనే, అందుకే లోడుకు తగిన ప్లై ఉండాలి. లోతు గాళ్ల టైర్లు తాడిపత్రి వైపు నల్లరేగడిలో మట్టితో నిండిపోతాయి, తారురోడ్డు మీద తొందరగా అరుగుతాయి. టైరు పక్కన నాలుగంకెలు చదువు: 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. షాపులో ఎన్నేళ్లుగానో పడున్న టైరు చవగ్గా వస్తుందని ఈ ఎండల్లో వేసుకోవద్దు.

7. బిగించాక ఖాళీ బండితో పరీక్షించకు. నిండు లోడేసి, ఒక చక్రం గెనిమ మీదికెక్కించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పు. దిగి టైరు భుజం మీద చెయ్యి పెట్టి చూడు. మడ్‌గార్డుకో కమాన్ కట్టకో ఒరుసుకున్న చోట రబ్బరు నున్నగా మెరుస్తుంది. ఆ మెరుపు కనిపిస్తే పాత టైర్లే మళ్లీ వేయించుకుని ఇంటికి రా.