ఫోనులో పాఠాలు – పిల్లల కళ్ళు

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు పాఠాలు ఫోనులోకి వచ్చాయి. తెలంగాణలో ఆ ఏడు సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళలో కూడా చెప్పారు. బడులు తెరిచినా ఫోను చదువు పోలేదు. దానిలో మేలు లేకపోలేదు. జ్వరంతో పడుకున్న బిడ్డ కోలుకున్నాక పాఠం వినవచ్చు, అర్థం కానిచోట ఆపి మళ్ళీ వినవచ్చు. అయితే ముఖం చూసి సందేహం కనిపెట్టే టీచరు అందులో ఉండరు. ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను ఉంటే ఎవరి చదువు ఆగుతుందో తల్లులకు తెలుసు.

ఇక కళ్ళ సంగతి. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాము. తెర చూసేటప్పుడు ఇది బాగా తగ్గి, కన్నీటి పొర ఆరిపోయి మంట, దురద కలుగుతాయి. కాబట్టి 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరాన ఉన్న వస్తువును 20 సెకన్లు చూడమనండి. 1 నుండి 8 తరగతుల వారికి రోజుకు 30-45 నిమిషాల ఆన్‌లైన్ తరగతులు రెండు మించరాదని 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం సూచించింది. ఇంట్లోనూ ఇది మంచి కొలతే.

రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడుకునే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తక్కువ. బోర్డు మీది అక్షరాలు కనబడక కళ్ళు చిట్లిస్తుంటే వెంటనే కంటి పరీక్షకు తీసుకురండి. మందుల షాపులో అడిగి చుక్కలు వేయవద్దు.