సహజవాయువు శుభ్రమైన ఇంధనమే. వెలిగించేది మాత్రం ధర

మార్కెట్ పాఠం

బియ్యం బస్తా లెక్కన, బంగారం గ్రాముల లెక్కన అమ్ముడవుతాయి. సహజవాయువు అమ్ముడయ్యేది వేడి లెక్కన. దాని కొలమానం పది లక్షల బి.టి.యు.; ధర డాలర్లలో పలుకుతుంది.

శుభ్రత ఎక్కడ?

వాయువులో ప్రధాన భాగం మీథేన్. దీనిని కాల్చితే బూడిద మిగలదు, గంధకపు పొగ దాదాపు ఉండదు. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. వాయు టర్బయిన్ నుంచి వెలువడే వేడి పొగతో ఆవిరి పుట్టించి, రెండో టర్బయిన్‌ను కూడా తిప్పవచ్చు. ఇదే కంబైన్డ్ సైకిల్ పద్ధతి. బొగ్గు కేంద్రంలో యూనిట్‌కు సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడితే, ఇక్కడ అందులో సగానికి లోపే. అయితే గొట్టాల నుంచి మీథేన్ కారిపోతే ఈ లాభం తరిగిపోతుంది. ఇరవై ఏళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువగా వాతావరణాన్ని వేడెక్కిస్తుంది.

ఖర్చు లెక్క

పది లక్షల బి.టి.యు. వేడి 293 యూనిట్ల విద్యుత్తుకు సమానం. 45 శాతం సామర్థ్యం గల కేంద్రం అందులో సుమారు 130 యూనిట్లు రాబడుతుంది. వాయువు 10 డాలర్లు, డాలరు 90 రూపాయలు అనుకుంటే యూనిట్‌కు ఇంధన ఖర్చే దాదాపు 7 రూపాయలు. వాయువు ఒక డాలరు పెరిగితే యూనిట్‌పై సుమారు 70 పైసలు భారం. పంపిణీ సంస్థలు చవక విద్యుత్తునే ముందు కొంటాయి కనుక, వాయు కేంద్రం వరుసలో వెనకబడుతుంది.

గోదావరి తీరపు అనుభవం

కృష్ణా-గోదావరి సముద్రగర్భంలోని డి-6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో వాయు ఉత్పత్తి మొదలైంది. ధర 4.20 డాలర్లు. అప్పటి రూపాయి విలువను బట్టి యూనిట్‌కు ఇంధన ఖర్చు రూపాయిన్నర ప్రాంతం. వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి కేంద్రాలకు ఆశ చిగురించింది. 2010లో రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్లు దాటిన రాబడి 2013 నాటికి రెండు కోట్ల లోపుకు పడిపోయింది. ఉన్న సరకులో ఎరువుల కర్మాగారాలకు ముందు వాటా దక్కగా, ఆ ఏడాది మార్చి నుంచి విద్యుత్ కేంద్రాలకు డి-6 వాయువు ఆగిపోయింది. యంత్రాలు నిలిచినా బ్యాంకు వడ్డీ నిలవలేదు. దిగుమతి వాయువు దిక్కనుకుంటే, 2022 ఆగస్టులో ఆసియా మార్కెట్లో దాని తక్షణ ధర 50 డాలర్లు దాటింది.

ఇక ముందు

2024 మార్చి నాటికి దేశంలో వాయు కేంద్రాల సామర్థ్యం సుమారు 25,000 మెగావాట్లు. మొత్తం విద్యుత్తులో వాటి వాటా మాత్రం రెండు శాతం ప్రాంతమే. అయినా పొద్దు వాలి సౌర విద్యుత్తు తగ్గే వేళ త్వరగా అందుకోగల కేంద్రాలివి. అందుకే 2024 మే, జూన్ ఎండల్లో వీటిని నడపాలని కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. రోజంతా నడిపితే మోయలేని ధర, సాయంత్రం నాలుగు గంటలకైతే గిట్టుబాటు కావచ్చు. కనుక ఈ సరకును గమనించేవారు వాయువు ధరతోపాటు డాలరు విలువను, సాయంత్రపు విద్యుత్ గిరాకీని కూడా కలిపి చూడాలి.