ముందు లేబర్ రూమ్ చూడండి

ప్రశ్న: మాది నంద్యాల. మావారికి హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం రావడంతో జూన్‌లో కాపురం మారుస్తున్నాం. అమ్మాయి ఇక్కడే బైపీసీ పూర్తిచేసింది. బీఎస్సీ నర్సింగ్ చదువుతానంటోంది. మేం అద్దెకు తీసుకున్న ఇంటికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. ఏసీ క్లాసులు, సొంత బస్సు. వారంలోగా డబ్బు కడితే మేనేజ్‌మెంట్ సీటు ఇస్తామంటున్నారు. ఆడపిల్ల కళ్ళముందు ఉంటుందని నా ఆశ. చేర్చమంటారా?
- ఒక తల్లి, నంద్యాల

జవాబు: బస్సు గురించి రాశారు, ఏసీ గురించి రాశారు. ఆస్పత్రి గురించి ఒక్క ముక్కా రాయలేదేమమ్మా? మీ అమ్మాయి నర్సు అయ్యేది అక్కడే కదా!

ముందు సీటు సంగతి. చదువంతా ఆంధ్రలోనే సాగింది కాబట్టి మీ అమ్మాయి తెలంగాణలో స్థానికురాలు కాదు. రాష్ట్ర విభజనప్పుడు పెట్టిన ఉమ్మడి ప్రవేశాల పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అక్కడి కన్వీనర్ సీటు మీద ఆశ పెట్టుకోకండి. ఆంధ్రలో మాత్రం ఇప్పటికీ స్థానికురాలే. మీరు ఇల్లు మారినంత మాత్రాన ఆ హక్కు పోదు. కర్నూలులో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది, నేర్చుకోవడానికి సర్వజన ఆస్పత్రి ఉంది. ముందు విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ చూసి దరఖాస్తు పెట్టించండి.

కాదు, హైదరాబాదే అంటారా? అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ కాలేజీకి వెళ్ళండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు కాగితాలు, వరంగల్ కాళోజీ యూనివర్సిటీ అఫిలియేషన్ చూపించమనండి. పాతవి కాదు, ఈ ఏడాదివి. తర్వాత కాలేజీకి అనుబంధమైన పేరెంట్ హాస్పిటల్ ఏదో కనుక్కుని, పొద్దున్నే వెళ్ళి వార్డులు చూడండి. కనీసం వంద పడకలుండాలి, వాటి మీద రోగులూ ఉండాలి. దుప్పటి ముడత పడని మంచాలు వరసగా కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి వచ్చేయండి.

అన్నిటికన్నా ముఖ్యం లేబర్ రూమ్. విద్యార్థిని స్వయంగా సాధారణ కాన్పులు చేసి, రికార్డులో రాసి, సంతకం చేయించుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో నూటికి 81 కాన్పులు సిజేరియన్లే. అలాంటి చోట మీ పిల్ల ఏ కాన్పు చేసి నేర్చుకుంటుంది? బిడ్డ తల బయటికొస్తున్నప్పుడు తల్లికి చీలిక పడకుండా అరచేత్తో ఎలా కాయాలో, మెడకు పేగు చుట్టుకుంటే వేలితో ఎలా తప్పించాలో పుస్తకం చదివితే చేతికి రాదు. పక్కన అనుభవమున్న సిస్టర్ నిలబడి చెబుతుంటే చేసి నేర్చుకోవాలి. చేయని కాన్పులకు రికార్డులు నింపించే కాలేజీలంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పిల్లలే రేపు మారుమూల పీహెచ్‌సీలో అర్ధరాత్రి ఒంటరిగా నిలబడాల్సి వస్తుంది.

కాబట్టి అడగండి. కాన్పులకు పేట్లబురుజు, కోఠి లాంటి పెద్ద ప్రసూతి ఆస్పత్రికి పంపుతారా? పిల్లల వార్డుకు నీలోఫర్, మానసిక వైద్యానికి ఎర్రగడ్డ ఉన్నాయా? నోటిమాట నమ్మకండి, అనుమతి పత్రం చూడండి. గేటు బయట ఫైనలియర్ పిల్లలు కనిపిస్తే ఎన్ని కాన్పులు చేశారో వాళ్ళనే అడగండి. దాచరు.

ఇక కళ్ళముందు ఉండాలన్న మాట. ఎనిమిదో సెమిస్టర్ వచ్చేసరికి 22 వారాలు ఇంటర్న్‌షిప్ డ్యూటీయే. ఉద్యోగంలో చేరాక నైట్ డ్యూటీలు తప్పవు. తెల్లవార్లూ పదిమంది రోగులను చూసుకోబోయే పిల్ల కర్నూలు హాస్టల్లో ఉండలేదా? మీ భయం కోసం దాని చదువును తగ్గించకండి.

వారం గడువు పెట్టి తొందరపెట్టేవాళ్ళకు డబ్బు కట్టకండి. ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి. వాటిని కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

ప్రశ్న: బెంగళూరులో నర్సింగ్ సీటు ఉందని, క్లాసులకు వెళ్ళక్కర్లేదని, పరీక్షలు రాస్తే చాలని మా ఊరి ఏజెంటు చెబుతున్నాడు. నమ్మొచ్చా?
- హిందూపురం విద్యార్థిని

జవాబు: వద్దు. మీ అమ్మకు ఇంజెక్షన్ చేసే నర్సు అలా చదివి వచ్చిందంటే ఒప్పుకుంటారా?

ప్రశ్న: పెళ్ళయి హెచ్-4 వీసా మీద డాలస్ వచ్చాను. బీటెక్ చదివినా నర్సింగ్ మీదే మనసు. కమ్యూనిటీ కాలేజీ రెండేళ్ళ కోర్సా, యూనివర్సిటీ బీఎస్‌ఎన్‌యా? మావారి ప్రాజెక్టు కాలిఫోర్నియాకు మారవచ్చు.
- డాలస్ పాఠకురాలు

జవాబు: రెండు కోర్సులవాళ్ళూ రాసే పరీక్ష ఒకటే, ఎన్‌క్లెక్స్. టెక్సస్ నర్సింగ్ బోర్డు ఆమోదించిన కాలేజీయేనా, మొదటిసారి రాసి ఎంతమంది పాసవుతున్నారు అన్నది చూడండి. ఆ లెక్కలు బోర్డే ప్రకటిస్తుంది. అయితే నర్సింగ్ సెమిస్టర్లు మొదలయ్యాక రాష్ట్రం మారితే చదివినవన్నీ కొత్త కాలేజీలో చెల్లుతాయని అనుకోవద్దు. అందుకే మీవారి ఉద్యోగం తేలేదాకా అనాటమీ, మైక్రోబయాలజీ లాంటి ముందస్తు సబ్జెక్టులు పూర్తిచేయండి. నర్సింగ్ లైసెన్సులపై కొన్ని రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది. టెక్సస్ లైసెన్సుతో ఆ ఒప్పందంలో ఉన్న ఇతర రాష్ట్రాల్లోనూ పనిచేయవచ్చు. కాలిఫోర్నియా ఆ ఒప్పందంలో లేదు, అక్కడ విడిగా లైసెన్సు తీసుకోవాలి. హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ, వర్క్ పర్మిట్ లేకుండా ఉద్యోగం చేయలేరు. ఫీజు కట్టేముందే లాయరును కలవండి.

ప్రశ్న: గుంటూరులో జీఎన్ఎం చేశాను. పెళ్ళయ్యాక బెంగళూరు వెళ్తున్నాను. అక్కడ పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ చేయవచ్చా?
- గుంటూరు పాఠకురాలు

జవాబు: తప్పకుండా చేయండి, రెండేళ్ళే. రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీ అఫిలియేషన్ ఉన్న కాలేజీయే చూసుకోండి. ఆంధ్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను కర్ణాటకకు మార్చుకునే పని ఇక్కడ ఉండగానే మొదలుపెట్టండి, కాగితాలు కదలడానికి టైము పడుతుంది. కన్నడమూ ఇవాళే మొదలుపెట్టండి. నొప్పి ఎక్కడుంది, మూత్రం సాఫీగా వస్తోందా, పొద్దుటి మాత్ర వేసుకున్నారా అని రోగిని అడగాల్సింది ఆ భాషలోనే.