చిత్రంలో కూర్పు, సంయోజనం

కంప్యూటరుపై చిత్రరచన అభ్యసించే విద్యార్థి రెండు విద్యలను వేరువేరుగా గ్రహించవలెను. ఏది ఎక్కడ, ఎంత పరిమాణంలో ఉండవలెనో నిర్ణయించుట కూర్పు. వేర్వేరు చిత్రాలను ఏకచిత్రంగా కలుపుట సంయోజనం.

సంయోజనం కంప్యూటరు కంటె ప్రాచీనమైనది. 1858లో ఆంగ్ల ఛాయాగ్రాహకుడు హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివులను కలిపి ‘ఫేడింగ్ అవే’ అనే చిత్రాన్ని రూపొందించాడు. మరణశయ్యపై బాలిక, చెంత ఇద్దరు స్త్రీలు, మనకు వీపు చూపుతూ కిటికీవద్ద నిలిచిన పురుషుడు. అతని ముఖం కనబడకపోవుటచేతనే శోకం ఇనుమడించినది. అది కూర్పు మహిమ.

1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ సంయోజనానికి గణిత సూత్రాలను ప్రకటించారు. ఇందులో ప్రతి బిందువుకు మూడు రంగుల విలువలతోపాటు ‘ఆల్ఫా’ అనే నాల్గవ విలువ ఉండును. అది 0 అయిన అడుగుచిత్రం పూర్తిగా కనబడును, 1 అయిన పూర్తిగా మరుగుపడును, 0.5 అయిన రెండును సమపాళ్ళలో కలియును. వెంట్రుకల అంచులు సహజంగా అమరుట ఇందువలననే.

అయితే వెలుగు వచ్చే దిక్కు, నీడ, కంటిమట్టం కుదరనిచో ఏ సూత్రమూ అతుకును దాచలేదు. కలిపే ముందే వీటిని సరిచూడవలెను.

రాబిన్సన్ చిత్రంలోని బాలిక నిజముగా రోగి కాదు, అభినయించినది. అట్టి చిత్రాన్ని కల్పనగా చూపిన కళ అగును. వార్తగా చూపిన అసత్యమగును. విద్యార్థులు ఈ భేదాన్ని మరువరాదు.