ఏ మందు ముందు?

పెద్దప్రేగు క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకినప్పుడు ఫ్లోరోయురాసిల్, ల్యూకోవొరిన్‌లకు ఆక్సాలిప్లాటిన్ కలిపితే ఫాల్‌ఫాక్స్. ఇరినోటెకాన్ కలిపితే ఫాల్‌ఫిరి. రెండింటిలో ఏది మేలు?

2004లో ఫ్రాన్స్ వైద్యులు 220 మంది రోగుల ఫలితాలు ప్రకటించారు. ముందు ఫాల్‌ఫిరి ఇచ్చి, అది పనిచేయనప్పుడు ఫాల్‌ఫాక్స్‌కు మార్చినవారి మధ్యగత జీవితకాలం 21.5 నెలలు, వరుస తిరగేస్తే 20.6. గణాంకశాస్త్రం ఈ తేడాను తేడాగా లెక్కించదు.

మరి దేన్నిబట్టి ఎంచుకోవాలి? ఆక్సాలిప్లాటిన్‌తో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, చన్నీళ్ళు ముట్టుకోలేరు. ఇరినోటెకాన్‌తో విరేచనాలు పట్టుకుంటాయి, జుట్టు రాలుతుంది. జన్యుపరీక్షలనుబట్టి నేడు వీటికి తోడుమందులు చేరినా ఈ బాధలు పోలేదు.

కుట్టుమిషనుమీద బతికేవాడికి వేళ్ళే అన్నం కదా! అందుకే మిత్రులారా, మందు రాసేముందు "ఏం పని చేస్తారండీ?" అని అడగమంటాను నేను.