సద్దు చేయు సాయము

సద్దు వినికిడికి శత్రువని అందరును తలంతురు. కాని ప్రాణుల ఇంద్రియములకు మితమైన సద్దు ఒక్కొక్కప్పుడు తోడ్పడునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ విధమును ఇచ్చట వివరింపదలచితిమి. శాస్త్రమున సద్దనగా ధ్వని మాత్రమే కాదు. క్రమములేని కదలిక యంతయు సద్దే.

ఇంద్రియనాడి ప్రతి చిన్న ప్రేరణకును స్పందింపదు. ప్రేరణ ఒక హద్దును దాటిననే నాడి మెదడునకు వార్త నంపును. ఈ హద్దు ఇంటి గడప వంటిది. మన చంద్రపురమున ఇరై నదికి వరద వచ్చి, నీరు గడపకు అంగుళము దిగువన నిలిచినదనుకొందము. నీరు నిశ్చలముగా నున్నచో లోపలివారికి దాని జాడ తెలియదు. గాలికి చిన్న అలలు లేచినచో కొంత నీరు గడప దాటి చిందును. వరద సమీపించినదని తెలియును. నీరు మూరెడు దిగువనున్నప్పుడు ఆ అలలే గడపను దాటలేవు. కావున చిందుటను బట్టి నీటిమట్టమును ఊహింపవచ్చును. పెద్ద అలలు లేచినచో మట్టమెంత యున్నను నీరు చిందుచునే యుండును, అప్పుడేమియు తెలియదు.

ఇందు నీటిమట్టము సంకేతము, అలలు సద్దు. ఈ విశేషమునకు యాదృచ్ఛిక అనునాదమని పేరు. 1981లో ఇటలీ దేశీయుడగు బెంజి మొదలగువారు మంచుయుగముల రాకపోకలను వివరించుటకై ఈ భావమును ప్రతిపాదించిరి. 1993లో ఫ్రాంక్ మాస్ మొదలగువారు, రొయ్యను పోలిన క్రేఫిష్ యొక్క తోకరోమముల నాడులలో దీనిని చూపిరి. నీటిలోని స్వల్పచలనమును ఆ నాడులు, మితమైన సద్దు తోడైనప్పుడు, మరింత స్పష్టముగా గ్రహించినవి. అమెరికా నదులలోని ప్యాడిల్‌ఫిష్ అను చేప, నీటిపురుగుల నుండి వెలువడు సూక్ష్మవిద్యుత్తును బట్టి వేటాడును. నీటిలో కొద్దిపాటి విద్యుత్ సద్దును కలిపినప్పుడు ఆ చేప మరింత దూరముననున్న పురుగులను పట్టినదని 1999లో ప్రకటించిరి. సద్దు హెచ్చినంతనే ఆ లాభము తగ్గిపోయినది.

మనుష్యులకును ఇది ఉపకరించును. వయసు మీరినవారికి అరికాలి స్పర్శ మందగించి, నిలకడ తప్పును. పాదముల క్రింద తెలియరానంత సన్నగా కంపించు మెత్తలనుంచగా, వృద్ధుల తూలుట తగ్గినదని కాలిన్స్ మొదలగువారు 2003లో తెలిపిరి.

విద్యార్థులు ఒక్క విషయమును మరువరాదు. హద్దుకు దిగువనున్న బలహీన సంకేతమునకే సద్దు తోడ్పడును. స్పష్టమైన దానిని చెరచును. మన జిల్లాలోని బొగ్గుగనులలోను, సిమెంటు కర్మాగారములలోను పుట్టు పెద్ద చప్పుడు దీర్ఘకాలము సోకినచో లోపలిచెవిలోని సూక్ష్మకణములు నశించును. అవి మరల మొలవవు. అట్టి పనికి పోవు పెద్దలను చెవులకు రక్షణ ధరింపుమని మనమే కోరవలెను. మేలును కీడును ఇచ్చట మోతాదును బట్టియే యుండును.