దుమ్ముపట్టు యంత్రములు: వాని బేరము, వాని ఎంపిక

మన సహకార సంఘముల ధాన్యపు మరల యొద్దకును, పత్తి జిన్నింగు మరల యొద్దకును దుమ్మును పట్టు యంత్రములను విక్రయించువారు తఱచుగా వచ్చుచున్నారు. ఒకరు సైక్లోను చాలునందురు. మఱియొకరు సంచుల వడపోత లేనిదే అనుమతి దొరకదందురు. వారు చెప్పు ధరలలో రెండింతలు, మూడింతలు భేదము కనుపించును. పాలకవర్గమువారు ఏది తక్కువయో దానిపై సంతకము చేసి లేచిపోవుట వాడుక. అట్లు చేయుటచే సంఘపు సొమ్ము ఎట్లు వృథయగునో, ఈ సరకునకు గిరాకి ఎచ్చట పుట్టుచున్నదో ఈ వ్యాసమున వివరింప దలచితిమి. మర లేని గ్రామములవారు సైతము దీనిని చదువవలసిన కారణము ముందు తెలియగలదు.

నాగలి కొనువాడు తన పొలము దున్నుటకు కొనును. మోటారు కొనువాడు తన పైరుకు నీరు పెట్టుకొనుటకు కొనును. దుమ్ముపట్టు యంత్రమును కొనువాడన్ననో చాలవరకు పొరుగువాని కొఱకును, తన కూలివాని కొఱకును కొనును. కావున ఈ సరకునకు గిరాకి తనంతట తాను పుట్టదు. ఎవరో నష్టపడి ఫిర్యాదు చేయవలయును; న్యాయస్థానమో, శాసనమో కలుగజేసికొనవలయును; అప్పుడే బజారు కదలును. చట్టము బిగిసిన ఏట ధరలు హెచ్చును, గడువు పొడిగించిన ఏట వర్తకులు చేతులు ముడుచుకొని కూర్చుందురు. ఈ సంగతి తెలిసినవాడు ఎప్పుడు కొనవలయునో, ఎప్పుడు ఆగవలయునో తానే నిర్ణయించుకొనగలడు.

ఈ యంత్రములు పుట్టినది ధాన్యపు దుమ్ములోనే యనిన మన చదువరులకు వింతగా నుండును. 1878వ సంవత్సరము మే 2వ తేదీని అమెరికాలోని మినియాపోలిస్ నగరమున వాష్‌బర్న్ అను గోధుమపిండి మర పేలిపోయెను. మందుగుండు ఏదియు లేదు. గాలిలో తేలియాడు పిండికి నిప్పురవ్వ తగిలినది, అంతే. 18 మంది మరణించిరి. ప్రక్కనున్న మరలు కూడ నాశనమయ్యెను. ఆ వెనుక పిండిమరలవారు దుమ్మును గాలినుండి వేరు చేయు సాధనములకై వెదకసాగిరి. 1885లో జాన్ ఫించ్ అనునాతనికి సైక్లోను పేటెంటు లభించెను. గాలిని ఒక గరాటు వంటి రేకు పాత్రలోనికి ప్రక్కగా వదలినచో అది సుడి తిరుగును. బరువైన రేణువులు గోడను తాకి క్రిందికి జారును. తేలికైన గాలి నడిమి గొట్టమున పైకి పోవును. నేడు మన మరలలో తవుడును పట్టుచున్న సైక్లోను ఇదియే. నూటనలుబది యేండ్లు గడచినను దాని రూపము పెద్దగా మారలేదు.

రెండవ కథ మఱింత చెప్పదగినది; అది రైతుల కథ. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కాల్టన్ అను ఊరి యొద్ద సిమెంటు కర్మాగారము ఒకటి యుండెను. దాని దుమ్ము చుట్టుపట్లనున్న నారింజతోటలపై పడి, ఆకులమీద పొలుసుకట్టి, కాయ చెడుచుండగా తోటదారులు న్యాయస్థానమున కెక్కిరి. తాము విస్తారముగా ధనము వెచ్చించితిమనియు, ఇంతకంటె మేలైన ఉపాయము లోకమున నింకను లేదనియు కంపెనీవారు వాదించిరి. 1911లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఆ వాదమును అంగీకరింపలేదు. ఒకని భూమిని పాడుచేసి మఱియొకడు వ్యాపారము చేయుటకు, ఆ వ్యాపారమెంత పెద్దదైనను, హక్కు లేదనుట ఆ తీర్పు సారాంశము.

ఆ ప్రాంతముననే రివర్‌సైడు అను చోట మఱియొక సిమెంటు కంపెనీ గలదు. అదే చిక్కులో పడిన ఆ కంపెనీవారు కాట్రెల్ అను రసాయనశాస్త్ర ఆచార్యుడు కనుగొన్న విద్యుత్ యంత్రమును తెచ్చి పెట్టుకొనిరి. ఆయన దానికి 1908లో పేటెంటు పొందియుండెను. వేలకొలది వోల్టుల విద్యుత్తు గల తీగల నడుమ పొగను పంపినచో ధూళిరేణువులకు విద్యుదావేశము కలిగి అవి ఇరుప్రక్కల నున్న రేకు పలకలకు అంటుకొనును. పలకలను సుత్తితో తట్టినచో దుమ్ము క్రింద రాలును. నేడు ఇ.ఎస్.పి. యని పిలుచునది అదే. ఇక చమత్కారమేమనగా, అట్లు పట్టిన దుమ్ములో పొటాషు ఉన్నట్లు తెలిసినది. 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చి జర్మనీనుండి పొటాషు ఆగిపోయినప్పుడు ఆ ఎరువునకు ధర మండిపోయెను. మొన్నటివరకు రైతు కంటిలో పడిన దుమ్మును ఆ కంపెనీవారు ఎరువుగా అమ్ముకొనిరి! తోటదారులు ఊరకుండినచో ఆ లాభము కంపెనీకి ఎన్నడును తెలిసియుండెడిది కాదు.

మన దేశమునకు వత్తము. 1981లో వాయుకాలుష్య నివారణ చట్టము వచ్చినది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేక ఏ కర్మాగారమును నడుపరాదనుట దాని ఆయువుపట్టు. 2014 ఫిబ్రవరిలో కేంద్ర మండలివారు 17 తరగతుల పరిశ్రమలను పొగగొట్టములలో ఎడతెగక కొలుచు సాధనములను అమర్చుమని ఆదేశించిరి. సిమెంటును, బొగ్గు విద్యుత్తును వానిలోనివే. 2015 డిసెంబరులో బొగ్గు విద్యుత్కేంద్రములకు క్రొత్త హద్దులు ఏర్పడినవి. ఘనమీటరు పొగలో దుమ్ము, 2004కు పూర్వపు కేంద్రములకు 100 మిల్లీగ్రాములు, 2016 చివరివరకు నెలకొల్పిన వానికి 50, అటుపిమ్మటి వానికి 30 మించరాదు. ఆ ప్రకటనతో పాత ఇ.ఎస్.పి.లను బాగుచేయు పనియు, క్రొత్తవానిని కట్టు పనియు దేశమెల్లెడల పెరిగినవి.

అదే ప్రకటనలో గంధకపు వాయువునకును హద్దు పెట్టిరి. దాని చరిత్ర ఈ బజారు స్వభావమునకు మంచి దృష్టాంతము. మొదటి గడువు 2017. అది 2022కు జరిగినది, మఱల మఱల జరిగినది. ఒక్కొక్క కేంద్రమునకు వందలకోట్లు వ్యయమగు యంత్రములకు కొందరు ఆర్డర్లు ఇచ్చిరి, కొందరు వేచిచూచిరి. 2025 జులైలో కేంద్ర ప్రభుత్వము ఆ నియమమును సడలించినది. దేశ రాజధాని ప్రాంతమునకు గాని, పదిలక్షలు మించిన జనాభా గల నగరములకు గాని పది కిలోమీటర్ల లోపలనున్న కేంద్రములకు అది తప్పనిసరిగా మిగిలినది. కాలుష్యము మిక్కుటమైన ప్రదేశముల చెంతనున్న వానిని విడివిడిగా పరిశీలింతురు. తక్కినవానికి, పొగగొట్టపు ఎత్తు నియమమునకు లోబడి, మినహాయింపు దొరకినది. వేచిచూచినవాడు లాభపడెను, ముందుగా కొన్నవాడు చట్టమునకు లోబడి నష్టపడెను. ఇది న్యాయమా యని మేము అడుగుచున్నాము. ఆ యంత్రములు సున్నపురాతితో వాయువును కడిగి జిప్సమును ఇచ్చును. వేరుసెనగకు ఎకరమునకు 200 కిలోలు వేయు మన రాయలసీమ రైతులకు అది అక్కరకు వచ్చెడి సరకు. దుమ్మునకు సంబంధించిన హద్దులు మాత్రము సడలలేదు.

దుమ్ము విషయమున బజారు గాలి ఎటు వీచుచున్నదనగా, ఇ.ఎస్.పి.నుండి సంచుల వడపోతవైపు. సిమెంటు కర్మాగారములలో ఇది స్పష్టము. కొలిమిలో బొగ్గు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడు హెచ్చినచో, నిప్పురవ్వకు పేలునను భయముచే ఇ.ఎస్.పి. తనంతట తాను ఆగిపోవును. ఆగిన ఆ కొద్ది నిమిషములు దుమ్మంతయు గొట్టమునుండి నేరుగా పైకి పోవును. సంచుల వడపోతకు ఈ అవగుణము లేదు. వందలకొలది గుడ్డసంచులగుండ గాలి దూరి వెలుపలికి పోవును, దుమ్ము గుడ్డపై నిలిచిపోవును, నిర్ణీత కాలమునకు లోనుండి గాలిదెబ్బ కొట్టి దానిని రాల్తురు. సంచులు చిరుగనంతవరకు నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు పైగా పట్టును.

పల్నాటిలో మాచర్లవైపునను, హుజూర్‌నగరు, మేళ్లచెర్వు ప్రాంతములను, ఎఱ్ఱగుంట్ల, తాడిపత్రి, తాండూరులను సిమెంటు కర్మాగారములున్నవి. వాని చెంత సేద్యము చేయువారికి ఈ భేదము తెలియుట మిక్కిలి అవసరము. సిమెంటు దుమ్ము క్షారగుణము గలది. మంచుతో తడిసిన ఆకుపై పడి పెంకుగా గట్టిపడును. ఆకు రంధ్రములు మూసికొని ఎండ తగలక మిరప, పత్తి పైరులు క్షీణించును. పూతదశలో పడినది మఱింత చెఱుపు. మీ గ్రామమువారు మండలికి వ్రాయునప్పుడు “దుమ్ము పడుచున్నది” అని ఊరక వ్రాయవలదు. ఏ తేదీని, ఏ గంట మొదలు ఏ గంట వఱకు పడినదో, గాలి ఎటు వీచుచుండెనో వ్రాయుడు. గొట్టములోని కొలత సాధనము ఆ గంట లెక్కను దాచియుంచును. కొలిమి గొట్టమే గాక, సున్నపురాయి దించు చోటు, లారీలు తిరుగు మట్టిబాటలు కూడ దుమ్ము పుట్టించును. వానికి వలయునది నీటి జల్లు, కప్పు, తారుబాట. ఖరీదైన యంత్రమును చూపి ఈ చౌకపనులను ఎగగొట్టువారు కలరు.

ఇక మన మరలు. సైక్లోను పది మైక్రానులకు మించిన ముతక దుమ్మును బాగుగ పట్టును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ పాలు. ఐదు మైక్రానులకు లోబడినది దానికి చాలవరకు చిక్కదు. ఊపిరితిత్తుల అడుగుకు పోవునది ఆ సన్నదుమ్మే. కావున తవుడు పట్టుటకు సైక్లోను చాలును. ధాన్యము చెరుగు చోటను, జిన్నింగు గదిలోను కూలివాని రొమ్మును కాపాడుటకు చాలదు, అచ్చట సంచులే కావలయును. ఉప్పుడుబియ్యపు మరల బాయిలరు పొగ వేఱుజాతి. ఊకనిప్పు రవ్వలు సంచులను కాల్చును. పాలియెస్టరు గుడ్డ 130 డిగ్రీలకు మించిన వేడికి ఓర్వదు. ఆ పొగకు ముందు సైక్లోనుల వరుస, పిదప నీటితో కడుగు సాధనము వాడుదురు. ఆ కడిగిన నల్లనీటిని పంటకాలువలోనికి వదలుట దుమ్మును గాలినుండి తీసి పొరుగువాని పొలములో పోయుటయే.

సంచుల లెక్క రైతు వ్రేళ్లమీద వేయగలడు. గంటకు 5,000 ఘనమీటర్ల గాలి లాగవలయు ననుకొందము. నిమిషమునకు ఇంచుమించు 83. చదరపు మీటరు గుడ్డకు నిమిషమునకు ఒకటిన్నర ఘనమీటరు గాలి తగినది. కనుక 56 చదరపు మీటర్ల గుడ్డ కావలెను. 15 సెంటీమీటర్ల అడ్డుకొలతయు, 3 మీటర్ల పొడవును గల సంచికి గుడ్డ 1.41 చదరపు మీటర్లు. అనగా 40 సంచులు. తక్కువ ధర చెప్పినవాడు 24 సంచులతో అదే గాలి లాగుదుననినచో, గుడ్డపై భారము ఒకటిన్నరకు బదులు రెండున్నర యగును. మొదటి నెల బాగుగనే యుండును. పిమ్మట గుడ్డ మూసికొనును, గాలి లాగదు, సంచులు ఏడాదికే చినుగును. తక్కువ ధర యను మాటకు అర్థము అదే.

కరెంటు వ్యయమును విక్రేతలు చెప్పరు. అదే గాలిని 150 మిల్లీమీటర్ల నీటిమట్టపు ఒత్తిడితో లాగుటకు, బ్లోయరు నూటికి అరువది పాళ్లు పనిచేయునని పట్టినచో, దాదాపు 3.4 కిలోవాట్లు కావలెను. దినమునకు పది గంటలు, ఏటికి 200 దినములు నడిపినచో 6,800 యూనిట్లు. యూనిటు 8 రూపాయలని యనుకొన్నచో 54,400 రూపాయలు. సంచుల మార్పిడి ఇందులో చేరలేదు. ఈ వ్యాపారమున యంత్రము ఒక్కమారు అమ్ముడగును, సంచులు ఏండ్ల తరబడి అమ్ముడగుచుండును. కనుక కొన్ని కంపెనీలు యంత్రమును చౌకగా ఇచ్చి, తమయొద్ద తప్ప దొరకని కొలతల సంచులను తగిలింతురు. బజారున నలుగురియొద్ద దొరకు కొలతల సంచులే ఉండవలెనని ఒప్పందమున వ్రాయించుకొనుడు.

మేము చూచిన ఒక మరలో క్రొత్త సైక్లోను పెట్టిన నాటినుండి పైగొట్టమున దుమ్ము వచ్చుచునే యుండెను. రేకు మంచిది, కొలతలు సరియైనవి. క్రింద దుమ్ము రాలు నోటివద్ద తిరుగుడు కవాటము పెట్టుట మానిరి, ఖర్చు తగ్గుననిరట. అడుగు రంధ్రమునుండి గాలి పైకి చొఱబడి, రాలిన దుమ్మును మఱల ఎత్తుకొని పోవుచుండెను. కవాటము బిగించిన మఱునాటినుండి కూలివారు ముఖములకు గుడ్డలు కట్టుకొనుట మానిరి. ఆ మర పేరు ఇచ్చట అనవసరము.

ఒప్పందమున మఱి రెండు మాటలు వ్రాయించుకొనవలయును. గొట్టమునుండి వెడలు గాలిలో ఘనమీటరునకు ఇన్ని మిల్లీగ్రాములకు మించి దుమ్ముండదని అంకెలతో హామీ ఇవ్వవలెను. “నూటికి 99 పాళ్లు పట్టును” అను మాటకు లోనికి ఎంత పోవుచున్నదో తెలియనిదే విలువ లేదు. గొట్టమునకు నమూనా తీయు రంధ్రమును, అచ్చటికి ఎక్కు మెట్లును విక్రేతయే అమర్చవలెను. సొమ్ములో నాలుగవ వంతైనను పరీక్ష ముగియువఱకు సంఘమువారి చేతిలోనే ఉంచుకొనుడు.

వానకాలపు ధాన్యము కార్తీకమున మరకు వచ్చును. అప్పుడు సంచులు చినిగినచో మర ఆపుట కష్టము, సంచుల విక్రేత చెప్పినదే ధర. కనుక భాద్రపదముననే మూత తీసి, ఒక్కొక్క సంచిని వెలుతురునకు పట్టి చూచి, కావలసిన వానికి ఆర్డరు పంపుట మంచిది.